పంది మాంసం ఎంచుకోవడం: ముందు ఆడా మగా అడగండి, జాతి తర్వాత

మా కొట్టుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి మాట "బాబాయ్, కొవ్వు లేకుండా ఇవ్వండి". రెండో మాట "ఇది సీమ పందా, నాటు పందా?". అడగాల్సినవే, కానీ వీటికంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏలూరు వైపు మాకు చిన్న షెడ్డు ఉంది. పందుల్ని మేమే పెంచి, ఆదివారాలు మేమే కోసి అమ్ముతాం. పాలు తాగే పిల్ల దగ్గర నుంచి మొద్దు మీదకి వచ్చేదాకా ఒకే జంతువుని చూస్తాం కాబట్టి, ఏ పెంపకానికి ఎలాంటి మాంసం వస్తుందో మాకు కళ్లముందే తెలుస్తుంది.

నన్నడిగితే వరుస ఇది: ఆడదా, మగదా? మగదైతే విత్తు (వృషణాలు) తీశారా, ఏ వయసులో తీశారు? చివరి నెలా రెండు నెలలు ఏం మేసింది? ఇవి తెలిశాకే జాతి. జాతికి విలువ లేదని కాదు. మంచి జాతి పందినైనా విత్తు తీయకుండా పెంచి, చికెన్ వేస్ట్ మేపి, పేడలో పడుకోబెడితే ఆ జాతి గొప్పతనం కూరలో కనపడదు.

వాసన సంగతి

"పంది మాంసం నాకు పడదండీ, అదోరకం వాసన" అనేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకసారి విత్తు తీయని పెద్ద మగ పంది మాంసం తిని ఉంటారని నా గట్టి నమ్మకం. ఆ వాసన మాంసం పాడవడం వల్ల వచ్చేది కాదు, మసాలా తక్కువై వచ్చేదీ కాదు. దానికి ముఖ్యంగా రెండు పదార్థాలు కారణం. ఒకటి ఆండ్రోస్టెనోన్. మగ పంది ఎదిగాక వృషణాల్లో తయారవుతుంది. రక్తంలోంచి కొవ్వులోకి వెళ్లి అక్కడ నిలవ ఉంటుంది, లాలాజల గ్రంథుల్లోకీ చేరుతుంది. మగ పంది నోటి నుంచి నురగ కారుస్తూ ఆడదాని దగ్గరికి వెళ్తుంది చూడండి, ఆ నురగలో ఉండేది ఇదే. ఎదలో ఉన్న ఆడ పంది ఆ వాసనకే కదలకుండా నిలబడుతుంది. మనకి మాత్రం అది మూత్రం, చెమట కలిసిన కంపులా ఉంటుంది.

రెండోది స్కాటోల్. ఇది పెద్దపేగులో పుడుతుంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని అక్కడి బ్యాక్టీరియా విరగ్గొడితే వస్తుంది, అచ్చం పేడ వాసన. మామూలుగా దీన్ని కాలేయం విరిచి బయటికి పంపేస్తుంది. మగ హార్మోన్లు ఎక్కువైతే కాలేయం ఆ పని సరిగ్గా చేయలేదు, అది కూడా కొవ్వులోనే పేరుకుంటుంది. అందుకే ఈ రెండు కంపులూ విత్తు తీయని మగ పందిలోనే ఎక్కువ. పరిశోధకులు సాధారణంగా పెట్టుకునే హద్దు గ్రాము కొవ్వుకి ఆండ్రోస్టెనోన్ అర మైక్రోగ్రాము నుంచి ఒక మైక్రోగ్రాము, స్కాటోల్ 0.2 నుంచి 0.25 మైక్రోగ్రాము. అది దాటితే తినేవాళ్లకి తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆండ్రోస్టెనోన్ వాసన అందరికీ తెలియదు. కొంతమంది ముక్కు దాన్ని అసలు పట్టుకోలేదు, అది పుట్టుకతో వచ్చే తేడా. సగటున మగవాళ్లకంటే ఆడవాళ్లకి బాగా తెలుస్తుంది. ఇంట్లో ఆయన లొట్టలేసుకుంటూ తింటుంటే ఆవిడ గిన్నె దగ్గరికే రాకపోవడం వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. ఆవిడది చాదస్తం అనకండి.

అనుమానం ఉంటే పరీక్ష సులువు. మా ఇంట్లో ఈ పని మా ఆవిడదే, నాకంటే ఆమె ముక్కు చురుకు. మెడ దగ్గర కొవ్వులోంచి అగ్గిపెట్టెంత ముక్క కోస్తాం. నూనె వేయకుండా, ఉప్పు కూడా లేకుండా, బాగా కాలిన ఇనప పెనం మీద వేసి వెంటనే మూత పెడతాం. చిటపటలు మొదలై కొవ్వు అంచులు పారదర్శకంగా మారే సమయానికి మూత కొద్దిగా జరిపి, మొదటి ఆవిరిని పీల్చాలి. ఆ మొదటి ఊపిరిలోనే తెలియాలి. రెండోసారి, మూడోసారికి ముక్కు అలవాటు పడిపోతుంది. మంచి కొవ్వైతే నెయ్యి కాచినట్టు కమ్మగా ఉంటుంది. మగ కంపు ఉంటే తల వెనక్కి వెళ్తుంది. చల్లటి మాంసాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇది దొరకదు, వేడి తగిలితేనే బయటపడుతుంది. విదేశాల్లో కబేళాల్లో కూడా వేడి ఇనప మొన కొవ్వుకి తాకించి వాసన చూసే మనుషుల్ని పెట్టుకుంటారు. పద్ధతి ఒకటే.

ఇంకోమాట. "ఆడదే కోశారన్నారు, అయినా పేడ వాసన వచ్చింది" అని ఎవరైనా అంటే అబద్ధమని కొట్టిపారేయకూడదు. అది స్కాటోల్. పందికి చెమట పట్టదు. మే నెలలో మన ఎండకి తట్టుకోలేక ఎక్కడ తడి ఉంటే అక్కడ పడుకుంటుంది. నీళ్లు చల్లకపోతే అక్కడ ఉండే తడి పేడ, మూత్రమే. అలా పొర్లిన పందుల కొవ్వులో స్కాటోల్ పెరుగుతుంది, ఆడా మగా తేడా లేకుండా. అందుకే కోయబోయే పందుల్ని చివరి రెండు వారాలైనా పొడి నేల మీద, రోజుకి రెండుసార్లు కడిగిన గదిలో ఉంచాలి. మేము ఎండాకాలం మధ్యాహ్నం పూట పైపుతో నీళ్లు కొడతాం.

విత్తు ఎప్పుడు తీయాలి

పిల్ల పుట్టిన రెండు మూడు వారాల్లో, తల్లి దగ్గర పాలు తాగుతున్నప్పుడే అయిపోవాలి. గాయం చిన్నది, తొందరగా మానుతుంది. పశువైద్యుడిని పిలిచి నొప్పి మందు ఇప్పించి చేయించండి. బ్లేడుతో ఎవరో ఒకరు కోసేసే అలవాటు ఇంకా ఉంది. అది పిల్లకి హింస, చీము పడితే మీకు నష్టం.

నాటు పిల్లల్ని పెంచేవాళ్లు మరీ జాగ్రత్త పడాలి. సీమ పందికంటే నాటు మగది చాలా ముందు ఎదుగుతుంది. ఇంకా చిన్నగానే ఉంది కదా అనుకునేలోపే పక్క పిల్లల మీద ఎక్కడం మొదలుపెడుతుంది. బరువు చూసి వయసు అంచనా వేస్తే నాటు పంది దగ్గర మోసపోతాం.

పెద్దయ్యాక విత్తు తీసినా లాభం లేకపోలేదు. కొవ్వులో చేరిన ఆండ్రోస్టెనోన్ కొన్ని వారాల్లో మెల్లగా తగ్గుతుంది. కానీ వాడేసిన విత్తనపు పందిని ఇవాళ విత్తు తీసి వచ్చే ఆదివారం కోసేస్తే అది కొనేవాళ్లని మోసం చేసినట్టే.

కోయకుండా సూదితో చేసే పద్ధతి కూడా ఉంది. ఆస్ట్రేలియాలో 1998లో మొదలైంది. రెండు డోసుల టీకా ఇస్తారు, వృషణాలు పనిచేయడం ఆగిపోతుంది, రెండో డోసు తర్వాత నాలుగైదు వారాలు ఆగి కోస్తారు. బ్రిటన్, ఐర్లండ్ రైతులైతే మగపిల్లలకి విత్తు తీయరు. పూర్తిగా ఎదగకముందే, తక్కువ బరువులో కోసేస్తారు. ఆ దేశాల్లో ఉన్న మనవాళ్లకి అప్పుడప్పుడూ ఒక ప్యాకెట్టు వాసన రావడానికి ఇదొక కారణం కావచ్చు. అమెరికాలో మగ పిల్లలకి మామూలుగా విత్తు తీసేస్తారు కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

ఒకే ఈతలో ఆడది, విత్తు తీసిన మగది

ఒకే తల్లికి ఒకే ఈతలో పుట్టి, ఒకే తొట్లో తిని, ఒకే రోజు కోసిన ఆడదాన్నీ విత్తు తీసిన మగదాన్నీ పక్కపక్కన వేలాడదీస్తే తేడా కంటికే కనపడుతుంది. వెన్ను వెంబడి రెండుగా చీల్చాక చివరి పక్కటెముక దగ్గర స్కేలు పెట్టి చూడండి. మగదానికి వీపు కొవ్వు రెండు నుంచి నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువ మందంగా ఉంటుంది. నడుము కండని, అంటే వెన్నుకి రెండు పక్కలా పొడుగ్గా ఉండే కండని, అడ్డంగా కోసి చూస్తే ఆడదాని కండ వెడల్పు కొంచెం పెద్దది, ఎర్రటి భాగం ఎక్కువ. మగదాని కండలో సన్నటి తెల్ల గీతలు ఎక్కువ.

కారణం తిండే. మగ హార్మోన్ పోయాక మగ పంది బాగా తింటుంది. కండ పెంచే హార్మోన్ లేదు కాబట్టి తిన్నది కొవ్వుగా మారుతుంది. ఆడది కొంచెం తక్కువ తింటుంది, కండగా మలుచుకుంటుంది. విత్తు తీయని మగది ఈ ముగ్గురిలోనూ బక్క. తక్కువ మేతతో ఎక్కువ కండ కడుతుంది, అందుకే కొందరు పెంపకందార్లకి విత్తు తీయాలంటే మనసొప్పదు. కానీ దాని కొవ్వు పలచన, మెత్తన, నీళ్లు ఎక్కువ. కోసి గంట సేపు బల్ల మీద పెడితే వేలు జారిపోయేలా తయారవుతుంది. వాసన రాకపోయినా ఆ కొవ్వు వేపుడికి పనికిరాదు.

కాబట్టి ఆడది మేలా, విత్తు తీసిన మగది మేలా అంటే ఏం వండుతారో చెప్పమంటాను. పచ్చడికి, కీమాకి, కొవ్వు తినకూడదని డాక్టర్ చెప్పినవాళ్లకి ఆడదాని తొడ, నడుము కండ. వేపుడికి, గోంగూరతో ముద్దగా వండుకోవడానికి, పొగబెట్టి దాచుకోవడానికి విత్తు తీసిన మగదాని పొట్ట, భుజం. నా ఇంటికైతే విత్తు తీసిన మగదే తీసుకెళ్తాను. కండ లోపల ఆ కాస్త కొవ్వు లేకపోతే కూర నమిలి నమిలి దవడ నొప్పి తప్ప ఏమీ మిగలదు.

కొట్లో వేలాడుతున్నది ఆడదో మగదో తెలుసుకోవాలంటే చనుమొనలు చూసి లాభం లేదు, అవి రెండింటికీ ఉంటాయి. పొట్ట భాగం చూడండి. మగదానికి బొడ్డు దగ్గర కోసి తీసేసిన గుంట ఉంటుంది, అంచు వంకరగా ఉంటుంది. ఆడదానికి అంచు తిన్నగా వస్తుంది. తొడల మధ్య కటి ఎముక దగ్గర మగదానికి అంగం మొదలు తెల్లటి గట్టి ముక్కగా మిగులుతుంది.

వయసు మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. నాలుగైదు ఈతలు ఈనిన ఆడ పంది మాంసం ముదురు ఎరుపు, పీచు గట్టి. రుచి ఉంటుంది కానీ కుక్కర్లో ఇంకో మూడు నాలుగు కూతలు పెట్టాల్సిందే. ముసలి మగ పందికి భుజం మీద చర్మం కింద వేలు మందాన డాలులాంటి గట్టి పొర ఉంటుంది. అది ఎంత ఉడికించినా లొంగదు. కొట్లో భుజం ముక్క మీద అలాంటి పొర కనపడితే ఆ జంతువు విత్తనానికి వాడినదని అర్థం.

ఇప్పుడు జాతి

మన దగ్గర సీమ పంది అంటే ఎక్కువగా లార్జ్ వైట్ యార్క్‌షైర్, లేదా దాని రక్తం ఉన్న సంకరం. తెల్లటి ఒళ్లు, నిలబడ్డ చెవులు. గన్నవరంలో ఒకప్పుడు బేకన్, అంటే ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం, తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. బేకన్‌కి కావలసింది పొడుగాటి వీపు, పలచటి కొవ్వు. ఆ రెండూ ఈ జాతి లక్షణాలే. ఇంకో తెల్ల పంది లాండ్రేస్. చెవులు కళ్ల మీదకి వాలి ఉంటాయి, ఒళ్లు ఇంకా పొడుగు. ఈ రెండింటిలోనూ కండ లోపల కొవ్వు తక్కువ, నూటికి ఒకటి, ఒకటిన్నర శాతం. తిన్నప్పుడు మెత్తగా, రసంగా అనిపించాలంటే రెండు, రెండున్నర శాతమైనా ఉండాలని మాంసం మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. అంటే కొవ్వు లేకుండా కావాలని అడిగి తీసుకెళ్లిన సీమ పంది నడుము కండ ఎండు చెక్కలా ఉంటే తప్పు వండినవాళ్లది కాదు.

ఆ లోటు తీర్చడానికే డ్యూరాక్. ఎర్రమట్టి రంగు పంది, కండలో కొవ్వు మూడు శాతం వరకు ఉంటుంది. తెల్ల తల్లికి డ్యూరాక్ మగదాన్ని కలిపితే పిల్లలు తొందరగా పెరుగుతాయి, మాంసం కూడా బాగుంటుంది. ప్రపంచంలో ఎక్కువగా నడుస్తున్న లెక్క ఇదే: తల్లి లార్జ్ వైట్, లాండ్రేస్ సంకరం, తండ్రి డ్యూరాక్. అయితే తెలుపు రంగుదే పైచేయి కాబట్టి ఆ పిల్లలు కూడా సాధారణంగా తెల్లగానే పుడతాయి. తెల్లగా ఉంది కాబట్టి వట్టి యార్క్‌షైర్ అనుకోవద్దు. తండ్రి ఏదో అడగండి.

హాంప్‌షైర్ నల్లటి పంది, ముందుకాళ్ల మీదుగా భుజం చుట్టూ తెల్ల పట్టీ. బలమైన కండ, పలచటి కొవ్వు. ఈ జాతిలో కొన్నింటికి ఒక జన్యులోపం ఉంటుంది. అది ఏ జన్యువులో ఉందో 2000లో తేల్చారు. అది ఉన్న పందుల కండలో గ్లైకోజన్ అనే నిలవ చక్కెర మామూలుకంటే చాలా ఎక్కువ. కోశాక అదంతా ఆమ్లంగా మారి మాంసం పులుపెక్కుతుంది, ఉడికించినప్పుడు నీరు దిగి ముక్క చిక్కిపోతుంది. బెల్జియం వాళ్ల పియట్రెయిన్‌ది ఇంకో బాధ. గట్టి పిరుదులు, కొవ్వు దాదాపు లేదు, కానీ ఒత్తిడి తట్టుకోలేని జన్యువు దాంట్లో ఎక్కువగా ఉండేది. లారీ ఎక్కించేటప్పుడే కూలిపోయిన పందులు ఉన్నాయి. కొవ్వు తగ్గించడం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుని జాతిని తిద్దితే ఎక్కడికి వెళ్తామో ఆ పంది చూపించింది.

బెర్క్‌షైర్ నల్లది, నాలుగు పాదాలు, ముఖం, తోక చివర తెల్లగా ఉంటాయి. మాంసం కొంచెం ముదురు రంగు, సన్నటి పీచు, నీరు బాగా పట్టి ఉంచుకుంటుంది. జపాన్‌లో దీన్ని కురోబుటా పేరుతో ఎక్కువ ధరకి అమ్ముతారు. విదేశాల్లో ఉన్నవాళ్లకి బెర్క్‌షైర్ అనో డ్యూరాక్ అనో లేబుల్ మీద కనపడితే ఒకసారి మామూలు ప్యాకెట్టుతో పక్కపక్కన వండి చూడండి.

మన నాటు పంది సంగతి వేరు. నల్లటి ఒళ్లు, వీపు మీద గట్టి వెంట్రుకలు, పొడుగు మూతి. ఏడాదికి కూడా నలభై యాభై కిలోలు దాటడం కష్టం. అదే వయసుకి తెల్ల సంకరం వంద కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది. కానీ అంత చిన్న ఒంట్లో కూడా వీపు కొవ్వు మందంగా ఉంటుంది, ఎందుకంటే పూర్తిగా ఎదిగిన పంది అది. ఎదుగుదల ఆగాక తిన్న తిండి కొవ్వుకే వెళ్తుంది. మాంసం ఎర్రగా, పీచు దట్టంగా ఉంటుంది. ఎండుగడ్డితో కాల్చి, గీకి, పసుపు రాసిన నాటు పంది చర్మం వేగితే వచ్చే రుచి తెల్ల పందికి రాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఊళ్లో ఇష్టమొచ్చినట్టు తిరిగిన పందిని మాత్రం కొనొద్దు, ఎంత నాటుదైనా సరే. మనుషుల మలం తిన్న పంది కండలో బద్దెపురుగు బుడగలు ఉండొచ్చు, బియ్యపు గింజలా తెల్లగా కనపడతాయి. అవి కనపడిన మాంసం ఎవరూ తినకూడదు, కుక్కకి కూడా వేయకూడదు. తరతరాలుగా పందులు మేపుతున్న ఎరుకల కుటుంబాల్లో ఇప్పుడు షెడ్డు కట్టి, మేత పెట్టి నాటు పందిని పెంచుతున్నవాళ్లు ఉన్నారు. అలాంటి చోట కొనండి.

నాటు రుచి కొంత, సీమ ఎదుగుదల కొంత కావాలంటే సంకరం. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తయారుచేసిన టీ-17 అలాంటిదే, 75 శాతం లార్జ్ వైట్, 25 శాతం నాటు. మన ఎండకి, మన మేతకి ఆగుతుంది. అస్సాంలో గువాహటి దగ్గర రాణిలో ఉన్న జాతీయ పంది పరిశోధన కేంద్రం వాళ్లు హాంప్‌షైర్‌కీ బెంగాల్ నాటు జాతి ఘుంగ్రూకీ కలిపి 'రాణి' అనే రకం తీశారు. దానికి డ్యూరాక్ కలిపి 'ఆశ' తీశారు. మొదటిసారి షెడ్డు పెట్టేవాళ్లకి నేను చెప్పేది సంకరమే. స్వచ్ఛమైన విదేశీ జాతి కోసం అప్పు చేయకండి.

మేత కొవ్వులోకి ఎలా దిగుతుంది

ఆవు, మేక తిన్న నూనెని వాటి కడుపు మార్చేస్తుంది. పందిది మన కడుపులాంటిదే. తిన్న నూనె చాలావరకు అలాగే వెళ్లి ఒంటి కొవ్వులో కూర్చుంటుంది. వేరుశనగ చెక్క, నూనె తీయని తవుడు, చికెన్ కొట్ల వేస్ట్ ఎక్కువ పెడితే కొవ్వు మెత్తగా, జిడ్డుగా తయారవుతుంది. చేపల వేస్ట్ పెడితే మాంసం చేప కంపు కొడుతుంది. మాకు ఆక్వా చెరువుల వైపు ఇది చవగ్గా దొరుకుతుంది కాబట్టి చాలామంది ఆశపడతారు. నూకలు, నూనె తీసిన తవుడు, కర్రపెండలం పెడితే కొవ్వు తెల్లగా, గట్టిగా కడుతుంది, ఎందుకంటే పంది పిండిపదార్థం నుంచి సొంతంగా తయారుచేసుకునే కొవ్వు గట్టి రకం. మొక్కజొన్న మధ్యస్థం.

చిన్నప్పుడు ఏది పెట్టినా, చివరి ఆరు నుంచి ఎనిమిది వారాలు నూకలు, మొక్కజొన్న, కొంచెం సోయా చెక్కకి మార్చండి. ఒక్క వారం ముందు మార్చి ఫలితం చూద్దామంటే కుదరదు, కొవ్వు అంత తొందరగా మారదు. హోటల్ మిగుళ్లు పెట్టేవాళ్లు తప్పకుండా మరగబెట్టి పెట్టాలి. 2020లో అస్సాం వైపు బయటపడిన పందుల ప్రాణాంతక జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి మందు లేదు. పచ్చి మిగుళ్లలో ఉన్న పంది మాంసం ముక్క చాలు, షెడ్డు మొత్తం ఖాళీ అవడానికి.

కొవ్వుని చేత్తో చూడటం

పందిలో కొవ్వంతా ఒకటి కాదు. మూత్రపిండాల చుట్టూ ఉండేది అన్నింటికంటే గట్టిది, తెల్లనిది. వీపు కొవ్వుని అడ్డంగా కోస్తే పొరలు కనపడతాయి, మధ్యలో సన్నటి గీత ఉంటుంది. చర్మం వైపు పొర మెత్తన, కండ వైపు పొర గట్టి. పొట్ట దగ్గర కొవ్వు, కండ పొరలు పొరలుగా ఉంటాయి. నాలుగోది కండ లోపలి సన్నటి గీతలు, దీన్ని బయటినుంచి కత్తిరించి తీసేయలేం, తీయాల్సిన అవసరం కూడా లేదు.

కొనేటప్పుడు వీపు కొవ్వు మీద బొటనవేలు నొక్కండి. గుంట పడి మెల్లగా పైకి రావాలి. వేలికి నూనె అంటుకుని, గుంట అలాగే ఉండిపోతే మేత సరిగా లేదు, లేదంటే విత్తు తీయని మగది. రంగు తెలుపు, లేదా లేత గులాబీ ఛాయతో తెలుపు ఉండాలి. పసుపు, బూడిద రంగు వద్దు. పొట్ట ముక్క మొత్తంగా కొంటే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న చపాతీ కర్ర మీద మధ్యకి వేలాడేయండి. రెండు కొసలూ తడిగుడ్డలా కిందికి వాలిపోతే కొవ్వు మెత్తది. కొంచెం వంగి ఆగిపోతే గట్టిది, వేపుడికి, పొగబెట్టడానికి పనికొస్తుంది. కబేళాల్లో కూడా పొట్ట ముక్క నాణ్యత ఇలాగే చూస్తారు.

పాలిపోయి నీళ్లోడే మాంసం

కొన్నిసార్లు మాంసం తెల్లగా పాలిపోయి, మెత్తగా, పళ్లెంలో నీళ్లు కారుస్తూ ఉంటుంది. పందిని తరిమి, కొట్టి, ఎండలో ఆటోలో కట్టి తెచ్చి వెంటనే కోస్తే ఇలా అవుతుంది. ఒంటి వేడి తగ్గకముందే కండలో ఆమ్లం పెరిగిపోతుంది. కోసిన ముప్పావు గంటకి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6కి పైన ఉండాలి. ఇలాంటి వాటిలో అప్పటికే బాగా కిందికి పడిపోతుంది. మరునాటికి మంచి మాంసం 5.5 నుంచి 5.8 మధ్య ఆగుతుంది. ఒకరోజంతా ఆకలితో, భయంతో అలిసిపోయిన పందైతే ఇంకోలా చెడుతుంది: మాంసం నల్లగా, జిగటగా, గట్టిగా ఉంటుంది, తొందరగా పాడవుతుంది.

మేము రాత్రే మేత ఆపేస్తాం, నీళ్లు మాత్రం పెడతాం. తెల్లవారుజామున చల్లగా ఉండగానే పని పూర్తి చేస్తాం. కొత్త పందుల్ని ఆ రాత్రి పాతవాటితో కలపం, కలిపితే తెల్లారేదాకా కొట్టుకుంటాయి. కర్ర వాడం, రేకు అడ్డుపెట్టి నడిపిస్తాం. పందిని బాధపెట్టకుండా ఉంటే మాంసం బాగుంటుందన్నది ఒక్కటే కారణం కాదు. మన చేతుల్లో పెరిగిన జంతువు అది.

ఇంటికి తీసుకెళ్లాక

ఏ ముక్క ఏ వంటకో పైన కొంత చెప్పాను. భుజం ముక్కలో కొవ్వు, జిగురు పొరలు కలిసి ఉంటాయి కాబట్టి చిన్న మంట మీద గంటన్నర ఉడికితే దానికి మించింది లేదు. సీమ పంది నడుము కండని మాత్రం ఎక్కువసేపు ఉడికించకండి, పెరుగు, ఉప్పు పట్టించి పెద్ద మంట మీద త్వరగా చేయండి. కానీ లోపల ఎరుపు మిగలకుండా పూర్తిగా ఉడకాలి. మన దగ్గర పంది మాంసాన్ని సగం ఉడికించి తినే అలవాటు వద్దు.

కోసి పక్కన పడేయమనే కొవ్వుని మాత్రం కొట్లో వదిలేసి రాకండి. మూత్రపిండాల కొవ్వు అడిగి తీసుకోండి, చాలాచోట్ల ఊరికే ఇచ్చేస్తారు. పొర తీసి, శనగగింజంత ముక్కలుగా తరిగి, మందపాటి గిన్నెలో అరగ్లాసు నీళ్లు పోసి సన్న సెగ మీద పెట్టండి. నీళ్లు ఉంటే మొదట్లో అడుగు మాడదు. నీళ్లు ఇగిరేదాకా గలగలమంటుంది, ఇగిరాక చప్పుడు తగ్గి సన్నటి చిటపట మొదలవుతుంది. అక్కడి నుంచి గరిటె వదలకూడదు. ముక్కలు బంగారు రంగుకి తిరిగి పైకి తేలగానే దించి పలచటి గుడ్డలో వడగట్టండి. ఇంకాసేపు ఉంచితే రంగు, వాసన రెండూ పోతాయి. స్టీలు డబ్బాలో చల్లారనిచ్చి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వెన్నలా గడ్డకడుతుంది, నెలల తరబడి ఉంటుంది. దాంతో చేసిన బంగాళాదుంప వేపుడు ఒకసారి తినండి. వడగట్టగా మిగిలిన ముక్కల మీద ఉప్పు, కారం చల్లి వేడిగా ఉండగానే పెట్టండి, చల్లారితే మెత్తబడతాయి.